రెండు నెట్‌వర్క్ కార్డులున్న సర్వర్: ఒక ఐపీకి కనెక్ట్ అవుతోంది, రెండోదానికి టైమౌట్

ప్రవీణ్_ఎస్
నిన్నటి నుంచి దీంతోనే కుస్తీ, ఎవరికైనా ఐడియా ఉంటే చెప్పండి. రెడ్‌హ్యాట్ తరహా లైనక్స్ సర్వర్, రెండు కార్డులు. మొదటి కార్డు ఈనో1కి 192.168.10.20, యూజర్లంతా వచ్చేది దీనిమీదే. రెండో కార్డు ఈనో2కి 10.50.0.20, ఇది మేనేజ్‌మెంట్ నెట్‌వర్క్, ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్), బ్యాకప్, మానిటరింగ్ కోసం. అడ్మిన్ లాప్‌టాప్‌లు 10.60.0.0/24లో ఉంటాయి, మధ్యలో ఫైర్‌వాల్ ఉంది, రెండు నెట్‌వర్క్‌ల గేట్‌వేలూ (బయటి నెట్‌వర్క్‌లకి దారి ఇచ్చేవి) ఆ ఫైర్‌వాలే.
ఇప్పుడు విచిత్రం ఏంటంటే, 10.50.0లోనే ఉన్న ఇంకో మెషీన్ నుంచి 10.50.0.20కి ఎస్ఎస్‌హెచ్ టక్కున వెళ్తుంది. నా లాప్‌టాప్ నుంచి అదే ఐపీకి కొడితే టైమౌట్. అదే లాప్‌టాప్ నుంచి 192.168.10.20కి కొడితే మళ్ళీ బాగానే వెళ్తుంది. కేబుల్ మార్చాను, స్విచ్‌లో పోర్ట్ మార్చాను, ఎస్ఎస్‌హెచ్ సర్వీస్ రీస్టార్ట్ చేశాను, సర్వర్‌లోని సొంత ఫైర్‌వాల్ సర్వీస్ ఫైర్‌వాల్డ్‌ని కాసేపు ఆపేసి కూడా చూశాను, ఏమీ మారలేదు. నెట్‌వర్క్ టీమ్ వాళ్ళు ఫైర్‌వాల్‌లో అలౌ రూల్ ఉంది, ప్యాకెట్ మా వైపు నుంచి దాటిపోతోంది అంటున్నారు.

కిరణ్77
ఈనో2కి గేట్‌వే ఇచ్చారా? ఇవ్వకపోతే వేరే సబ్‌నెట్‌కి జవాబు ఎలా పోతుంది బ్రో. 10.50.0.1 పెట్టేయండి, అయిపోతుంది.

సుధ_అడ్మిన్
కిరణ్ గారూ, ఆ పని మాత్రం చేయించకండి ప్లీజ్. ఒక సర్వర్‌లో రెండు డిఫాల్ట్ గేట్‌వేలు పెడితే రెండు దారులూ పనిచేస్తాయని చాలామంది అనుకుంటారు గానీ అలా జరగదు, మెట్రిక్ (దారి ఖర్చు అంకె) తక్కువ ఉన్నదే గెలుస్తుంది, రెండోది ఊరికే కూర్చుంటుంది. గెలిచేది ఈనో2 అయితే ఇప్పటిదాకా బాగా నడుస్తున్న యూజర్ ట్రాఫిక్ కూడా పడిపోతుంది.
ప్రవీణ్ గారూ, ఐపీ అడ్రెస్, ఐపీ రూట్, ఐపీ రూల్ మూడింటి అవుట్‌పుట్ పెట్టండి. అది చూడకుండా ఎవరేం చెప్పినా ఊహే.

ప్రవీణ్_ఎస్
సుధ గారూ, మీరు చెప్పింది ఇక్కడ నిజంగానే జరిగింది. నా కంటే ముందు ఈ సర్వర్ చూసినాయన ఈనో2కి కూడా గేట్‌వే ఇచ్చారట, అప్పుడు రీబూట్ అయిన ప్రతిసారీ ఒక్కోసారి యూజర్లు పడిపోయేవాళ్ళు, ఒక్కోసారి అడ్మిన్‌లు పడిపోయేవాళ్ళు, అందుకే తీసేశారట.
ఇప్పుడు రూట్ టేబుల్ ఇలా ఉంది:
డిఫాల్ట్ వయా 192.168.10.1 డెవ్ ఈనో1
10.50.0.0/24 డెవ్ ఈనో2
192.168.10.0/24 డెవ్ ఈనో1
172.17.0.0/16 డెవ్ డాకర్0
ఐపీ రూల్‌లో, అంటే ఏ ప్యాకెట్‌కి ఏ రూట్ టేబుల్ చూడాలో చెప్పే జాబితాలో, మామూలుగా ఉండే మూడే ఉన్నాయి, 0 లోకల్, 32766 మెయిన్, 32767 డిఫాల్ట్.

పాతకాపు
రూట్ టేబుల్ చూస్తే సగం విషయం తెలిసిపోయింది. ప్రవీణ్, ప్యాకెట్ ఏ కార్డులోంచి వచ్చిందో జవాబు కూడా అదే కార్డులోంచి పోతుంది అని మనందరికీ మనసులో ఒక నమ్మకం ఉంటుంది, పెరటి గుమ్మంలోంచి పిలిచిన వాడికి పెరట్లోకే వెళ్ళి పలుకుతాం కదా అన్నట్టు. లైనక్స్ అలా ఆలోచించదు. జవాబు తయారయ్యాక అది చూసేది ఒక్కటే, ఈ జవాబు ఏ అడ్రెస్‌కి పోవాలి, ఆ అడ్రెస్‌కి రూట్ టేబుల్‌లో దారేది. నీ లాప్‌టాప్ 10.60.0.7 అనుకో, దానికి టేబుల్‌లో ప్రత్యేకంగా దారి లేదు, కాబట్టి డిఫాల్ట్, అంటే ఈనో1. వచ్చింది ఈనో2లో, పోవాల్సింది ఈనో1లో.
10.50.0లో ఉన్న మెషీన్‌కి ఎందుకు పనిచేస్తోందంటే దానికి నేరుగా ఈనో2 మీద రూట్ ఉంది. 192.168.10.20కి ఎందుకు పనిచేస్తోందంటే అక్కడ రాకపోకలు రెండూ ఈనో1 మీదే. నువ్వు చెప్పిన మూడు లక్షణాలూ దీనికి అతికినట్టు సరిపోతున్నాయి.
ఐపీ రూట్ గెట్ 10.60.0.7 ఫ్రమ్ 10.50.0.20
ఇది కొట్టి చూడు, డెవ్ ఈనో1 (పోయే కార్డు ఈనో1) అని వస్తుంది.

ప్రవీణ్_ఎస్
కరెక్ట్, డెవ్ ఈనో1 అనే వచ్చింది.

రాత్రిషిఫ్ట్
కానీ పాతకాపు గారూ, అసలు జవాబు బయటికి వస్తోందా లేదా అన్నది ఇంకా ఎవరూ చూడలేదు. ప్రవీణ్, ప్యాకెట్లని పట్టి చూపించే టీసీపీడంప్ పెట్టు, ఇంటర్‌ఫేస్ ఎనీ అని ఇవ్వు, హోస్ట్ 10.60.0.7, పోర్ట్ 22 (ఎస్ఎస్‌హెచ్‌ది). పేర్లకి మార్చకుండా ఐఫన్ ఎన్ కూడా పెట్టు, లేకపోతే డీఎన్ఎస్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది.

ప్రవీణ్_ఎస్
పెట్టాను. ఈనో2లో సిన్ (కనెక్షన్ అడిగే మొదటి ప్యాకెట్) వస్తోంది, ఒక సెకను ఆగి మళ్ళీ సిన్, మళ్ళీ సిన్. జవాబు ఏ కార్డులోనూ లేదు. ఎస్ఎస్‌హెచ్ లాగ్‌లో ఒక్క లైను కూడా పడట్లేదు. ఫైర్‌వాల్డ్ ఆపి కూడా చూశా, అంతే. ప్యాకెట్ సర్వర్ దాకా వచ్చి ఎక్కడికి పోతోంది అసలు?

కిరణ్77
ఎస్ఎస్‌హెచ్ ఏ అడ్రెస్ మీద వింటోందో చూడు, కాన్ఫిగ్‌లో లిజన్ అడ్రెస్ 192.168.10.20 అని ఉందేమో. ఎస్ఎస్ కమాండ్‌తో తెలిసిపోతుంది.

ప్రవీణ్_ఎస్
0.0.0.0:22 అనే ఉంది, అంటే అన్ని అడ్రెస్‌ల మీదా. పైగా 10.50.0లో ఉన్న మెషీన్ నుంచి పనిచేస్తోంది కదా.

సుధ_అడ్మిన్
ఇంకోటి, ఆ పోర్ట్‌లో ఎవరూ వినకపోతే టైమౌట్ రాదు, వెంటనే రీసెట్ వచ్చి కనెక్షన్ రెఫ్యూజ్డ్ అంటుంది. టైమౌట్ అంటే ఎవరో ప్యాకెట్‌ని చప్పుడు కాకుండా పడేస్తున్నారు.

రాత్రిషిఫ్ట్
పడేస్తున్నది కెర్నెలే (లైనక్స్ మూల భాగం). రివర్స్ పాత్ ఫిల్టర్, ఆర్పీ ఫిల్టర్ అంటాం, పంపినవాడికి తిరుగుదారి సరిపోతుందా అని చూసే చెక్. సిన్ కనిపించి దాని జవాబు సిన్-యాక్ ఎక్కడా కనిపించకపోతే, అందులోనూ రెండు కార్డుల మెషీన్ అయితే, నేను మొట్టమొదట చూసేది ఇదే. టీసీపీడంప్ ప్యాకెట్‌ని కార్డు దగ్గరే, ఈ చెక్ జరగకముందే పట్టుకుంటుంది, అందుకే నీకు సిన్ కనిపిస్తోంది, కానీ అది పై దాకా పోదు. అందుకే ఎస్ఎస్‌హెచ్ లాగ్ ఖాళీ, అందుకే ఫైర్‌వాల్డ్ ఆపినా తేడా లేదు.
నెట్‌వర్క్ లెక్కలు చూపే ఎన్‌స్టాట్‌లో ఐపీ రివర్స్ పాత్ ఫిల్టర్ అని ఒక కౌంటర్ ఉంటుంది, లాప్‌టాప్ నుంచి ట్రై చేస్తూ దాన్ని చూడు. లాగ్ మార్షియన్స్ సెట్టింగ్ 1 చేస్తే కెర్నెల్ లాగ్‌లో మార్షియన్ సోర్స్ (అక్కడ ఉండకూడని అడ్రెస్) అని లైన్లు కూడా పడతాయి.

ప్రవీణ్_ఎస్
అన్నా!! కొట్టిన ప్రతిసారీ కౌంటర్ పెరుగుతోంది. మార్షియన్ లైన్లు కూడా పడుతున్నాయి, అందులో నా లాప్‌టాప్ అడ్రెస్సే ఉంది. నెట్‌వర్క్ టీమ్‌తో నిన్నంతా అనవసరంగా వాదించాను.

కిరణ్77
అయితే ఆర్పీ ఫిల్టర్ 0 చేసేయ్, గొడవ వదిలిపోతుంది. మా ల్యాబ్ మెషీన్లన్నిటికీ 0నే పెడతాం.

పాతకాపు
ల్యాబ్ సంగతి వేరు కిరణ్. 0 అంటే సోర్స్ అడ్రెస్ చూడనే చూడదు, దొంగ అడ్రెస్‌తో వచ్చిన ప్యాకెట్‌ని కూడా రానిస్తుంది. 1 అంటే స్ట్రిక్ట్, ప్యాకెట్ పంపినవాడికి దారి అదే కార్డు మీద ఉంటేనే ఒప్పుకుంటుంది. 2 అంటే లూజ్, ఏదో ఒక కార్డు మీద దారి ఉంటే చాలు అంటుంది. 2004లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 3704 (ఇంటర్నెట్ పద్ధతుల పత్రం) కూడా రెండు దారులున్న చోట స్ట్రిక్ట్ సరిగా పనిచేయదనే చెబుతుంది, లూజ్ ఉన్నది అందుకే.
ఇంకో ముఖ్యమైన సంగతి, ఈ సెట్టింగ్ ఆల్ అని ఒకటి, కార్డుకొకటి విడివిడిగా ఉంటాయి, రెండింట్లో పెద్ద అంకె ఏదో అదే అమలవుతుంది. ఆల్‌ని 0 చేసి ఈనో2ది 1గా వదిలేస్తే ఏమీ మారదు, జనం అక్కడే ఇరుక్కుపోతారు. ఈనో2 ఒక్కదాన్ని 2 చేసి చూడు. కానీ దాంతో పని పూర్తి కాదు, ఇప్పుడే చెప్తున్నా.

ప్రవీణ్_ఎస్
2 చేశాను. మీరన్నట్టే పూర్తి కాలేదు. ఇప్పుడు ఈనో2లో సిన్ వస్తోంది, ఈనో1లోంచి సిన్-యాక్ పోతోంది, సోర్స్ మాత్రం 10.50.0.20 అనే ఉంది. లాప్‌టాప్‌లో ఇంకా టైమౌటే.

సుధ_అడ్మిన్
ఇప్పుడు అసలు జబ్బు బయటపడింది. ఫైర్‌వాల్ వైపు నుంచి చూడండి. సిన్‌ని అది 10.50.0 కాలు (ఆ నెట్‌వర్క్ వైపు పోర్ట్) మీదుగా పంపింది, కనెక్షన్‌ని గుర్తు పెట్టుకుంది. ఇప్పుడు 10.50.0.20 పేరుతో ఒక సిన్-యాక్ 192.168.10 కాలు మీద వచ్చి పడింది. ఆ నెట్‌వర్క్‌లో ఉండకూడని అడ్రెస్ అది, స్పూఫింగ్ (దొంగ అడ్రెస్) అనుకుని పడేస్తుంది, దాని పని అది సరిగ్గానే చేస్తోంది. ఇక్కడ ఫైర్‌వాల్‌లో ఆ చెక్ తీసేయించుకునే అడ్మిన్‌లని చూశాను, దయచేసి ఆ దారి పట్టకండి.
చేయాల్సింది పాలసీ రూటింగ్. 10.50.0.20 సోర్స్‌తో పోయే ప్యాకెట్లకి వేరే టేబుల్:
ఐపీ రూట్ యాడ్ 10.50.0.0/24 డెవ్ ఈనో2 టేబుల్ 200
ఐపీ రూట్ యాడ్ డిఫాల్ట్ వయా 10.50.0.1 డెవ్ ఈనో2 టేబుల్ 200
ఐపీ రూల్ యాడ్ ఫ్రమ్ 10.50.0.20 టేబుల్ 200
మొదటి లైను అక్కర్లేదనుకుని వదిలేస్తారు చాలామంది, వదలకండి. అది లేకపోతే పక్కనే 10.50.0లో ఉన్న మెషీన్‌కి పోయే జవాబు కూడా గేట్‌వే చుట్టూ తిరిగి పోతుంది, ఇప్పుడు పనిచేస్తున్నది కూడా చెడిపోవచ్చు.

మేఘన_టి
ఇంత అవసరమా? 10.60.0.0/24 వయా 10.50.0.1 అని ఒక్క స్టాటిక్ రూట్ పెడితే సరిపోదా. మా దగ్గర ప్రతి సర్వర్‌లో అంతే, ఒక లైను, రేపు ఎవరు చూసినా అర్థమవుతుంది. టేబుళ్ళు, రూల్స్ అంటే వచ్చే ఏడాది ఈ సర్వర్ ఎవరి చేతికొస్తే వాళ్ళు ఐపీ రూట్ ఒక్కటే చూసి తికమకపడతారు.

పాతకాపు
మేఘన చెప్పింది తప్పేం కాదు, అడ్మిన్ నెట్‌వర్క్ ఒకటే ఉండి, వాళ్ళు ఎప్పుడూ మేనేజ్‌మెంట్ ఐపీకే వస్తారు అంటే స్టాటిక్ రూటే మంచిది. కానీ ప్రవీణ్ మొదటి పోస్టులోనే రాశాడు, అదే లాప్‌టాప్ నుంచి 192.168.10.20కి కూడా వెళ్తుంది అని. ఆ స్టాటిక్ రూట్ పెట్టిన క్షణం నుంచి 192.168.10.20 ఇచ్చే జవాబులు ఈనో2లోంచి పోతాయి, ఇదే రోగం తిరగబడి అటు వస్తుంది.

మేఘన_టి
అవును, రెండు ఐపీలకీ వెళ్ళాలంటే కుదరదు. మా అడ్మిన్ మెషీన్ల నుంచి యూజర్ వైపు ఐపీలకి వెళ్ళడమే బ్లాక్, అందుకే మాకు చాలింది. అయినా రూల్ పెట్టేవాళ్ళు సర్వర్‌లో ఎక్కడో ఒకచోట రాసి పెట్టండి, అదొక్కటి అడుగుతున్నా.

శ్రీను_విండోస్
లైనక్స్ వాళ్ళు తిట్టుకోకపోతే మా వైపు కథ కూడా చెప్తా, ఇదే ఇబ్బంది ఇంకో రూపంలో. విండోస్‌లో రెండో కార్డుకి గేట్‌వే ఇవ్వబోతే, రెండు వేరువేరు నెట్‌వర్క్‌ల్లో డిఫాల్ట్ గేట్‌వేలు సరిగా పనిచేయవు అని అదే హెచ్చరిక చూపిస్తుంది, అందరూ ఎస్ నొక్కేసి ముందుకెళ్తారు. ఆ తర్వాత ఆటోమేటిక్ మెట్రిక్ ఉంటుంది, స్పీడ్ ఎక్కువ ఉన్న కార్డుకి మెట్రిక్ తక్కువ ఇస్తుంది. ఒకచోట బ్యాకప్ కోసం 10 గిగాబిట్ కార్డు కొత్తగా పెట్టి గేట్‌వే కూడా ఇచ్చారు, అంతే, ఒక గిగాబిట్ కార్డు మీద నడవాల్సిన ట్రాఫిక్ మొత్తం బ్యాకప్ నెట్‌వర్క్‌లోకి పోయింది.
సరే గేట్‌వే ఇవ్వలేదు, మంచిదే, అప్పుడు ఇంకోటి వస్తుంది. గేట్‌వే లేని నెట్‌వర్క్‌ని విండోస్ గుర్తుపట్టలేక అన్‌ఐడెంటిఫైడ్ నెట్‌వర్క్ అంటుంది, దానికి పబ్లిక్ ప్రొఫైల్ తగిలిస్తుంది, పబ్లిక్‌లో ఫైర్‌వాల్ రూల్స్ కఠినంగా ఉంటాయి కాబట్టి ఆ కార్డు మీద చాలా కనెక్షన్లు లోపలికి రావు. జనం దీనికోసం ఉత్తుత్తి గేట్‌వే పెడతారు, అది చేయకండి, లోకల్ సెక్యూరిటీ పాలసీలో నెట్‌వర్క్ లిస్ట్ మేనేజర్ పాలసీస్ అని ఉంటుంది, అక్కడ అన్‌ఐడెంటిఫైడ్ వాటిని ప్రైవేట్ చేసుకోవచ్చు.

వెన్నెల_కె
శ్రీను గారూ, డీఎన్ఎస్ కూడా చెప్పండి, మమ్మల్ని ఏడిపించింది అదే.

శ్రీను_విండోస్
అదే రాయబోతున్నా. డొమైన్‌లో ఉన్న సర్వర్ తన రెండు ఐపీలనీ డీఎన్ఎస్‌లో రిజిస్టర్ చేసేసుకుంటుంది. క్లయింట్ పేరు అడిగితే ఒకసారి ఇది, ఒకసారి అది వస్తుంది, బ్యాకప్ ఐపీ వచ్చిన వాడికి షేర్ తెరుచుకోదు, పక్కవాడికి తెరుచుకుంటుంది. పొద్దున పనిచేసింది, మధ్యాహ్నం పనిచేయట్లేదు అనే ఫిర్యాదులు వస్తే ముందు ఎన్ఎస్‌లుకప్ కొట్టండి. రెండో కార్డు ఐపీవీ4 సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్, డీఎన్ఎస్ ట్యాబ్‌లో రిజిస్టర్ అనే టిక్ తీసేసి, డీఎన్ఎస్‌లో మిగిలిపోయిన పాత రికార్డు కూడా తుడిచేయాలి. టిక్ తీసినంత మాత్రాన పాత రికార్డు వెంటనే పోతుందని నమ్మకండి, వెళ్ళి చూసుకోండి.

ప్రవీణ్_ఎస్
సుధ గారూ, మూడు లైన్లూ కొట్టాను, ఎస్ఎస్‌హెచ్ వచ్చేసింది!! రెండు ఐపీలకీ వెళ్తోంది, యూజర్ల వైపు ఏ తేడా లేదు. చాలా థ్యాంక్స్.
కానీ ఇంకోటి మిగిలింది. మానిటరింగ్ సర్వర్ కూడా 10.60.0లోనే ఉంది, అది 10.50.0.20లో 9100 పోర్ట్ నుంచి నోడ్ ఎక్స్‌పోర్టర్ (మెషీన్ పనితీరు చెప్పే ప్రోగ్రామ్) లెక్కలు తీసుకోవాలి. అది మాత్రం ఇంకా టైమౌట్. టీసీపీడంప్‌లో చూస్తే 22 పోర్ట్ జవాబులు ఈనో2లోంచి చక్కగా పోతున్నాయి, 9100 జవాబులు ఇంకా ఈనో1లోంచే పోతున్నాయి. అదే సోర్స్ ఐపీ, అదే రూల్, ఒకటి పాటిస్తోంది, ఒకటి పాటించట్లేదు. ఇదెలా సాధ్యం?

రాత్రిషిఫ్ట్
నీ రూట్ టేబుల్‌లో డాకర్0 కనిపించింది, అది కంటైనర్లు (విడిగా పెట్టెలో పెట్టినట్టు నడిపే ప్రోగ్రాములు) వాడే నెట్‌వర్క్. ఎక్స్‌పోర్టర్ కంటైనర్‌లో నడుస్తోందా?

ప్రవీణ్_ఎస్
అవును, పోర్ట్ పబ్లిష్ చేసి, అంటే బయటివాళ్ళకి అందేలా తెరిచి.

వెన్నెల_కె
అయితే రూల్ తగలదు, ఎందుకో చెప్తా. 9100కి వచ్చిన ప్యాకెట్ గమ్యాన్ని డాకర్ పెట్టిన న్యాట్ (అడ్రెస్ మార్చే) రూల్ కంటైనర్ అడ్రెస్‌కి మార్చేస్తుంది, 172.17.0.2 అనుకోండి. జవాబు కంటైనర్ నుంచి బయలుదేరినప్పుడు దాని సోర్స్ 172.17.0.2. దారి వెతికేది అప్పుడే. ఆ సోర్స్ తిరిగి 10.50.0.20గా మారేది దారి నిర్ణయం అయిపోయాక, ప్యాకెట్ గడప దాటే ముందు. ఫ్రమ్ 10.50.0.20 అనే రూల్ చూసే సమయానికి ఆ అడ్రెస్ ప్యాకెట్ మీద లేనే లేదు, కాబట్టి మెయిన్ టేబుల్, కాబట్టి ఈనో1. టీసీపీడంప్‌లో మీకు 10.50.0.20 కనిపిస్తోంది గానీ అది ఆఖర్న వేసిన ముద్ర.
దీనికి కనెక్షన్ మార్క్ పద్ధతి ఉంది. ఈనో2లో వచ్చిన కొత్త కనెక్షన్‌కి ఒక మార్క్ వేయడం, డాకర్0 నుంచి వచ్చే జవాబు మీదికి ఆ మార్క్ తిరిగి తేవడం, ఆ మార్క్‌ని (ఎఫ్‌డబ్ల్యూమార్క్) చూసి టేబుల్ 200కి పంపడం. పనిచేస్తుంది, నేను వాడుతున్నా కూడా. ఆర్పీ ఫిల్టర్ మాత్రం 2లో ఉండాలి, గమ్యం మారిపోయాక జరిగే చెక్ కాబట్టి స్ట్రిక్ట్‌లో అక్కడే పోతుంది.

పాతకాపు
వెన్నెల వివరణ అక్షరాలా నిజం, కానీ ఈ ఒక్క కంటైనర్ కోసం మార్కులన్నీ వద్దు. నోడ్ ఎక్స్‌పోర్టర్ చూసేదే హోస్ట్ మెషీన్ లెక్కలు, దాన్ని హోస్ట్ నెట్‌వర్క్‌లో నడిపించు ప్రవీణ్. న్యాట్ ఉండదు, సోర్స్ మొదటి నుంచీ 10.50.0.20, నీ రూల్ దానంతటదే తగులుతుంది. ఇప్పుడున్నట్టు డాకర్ బ్రిడ్జ్‌లో పెడితే నెట్‌వర్క్ లెక్కలు కూడా కంటైనర్ లోపలివి చూపిస్తుంది, నీకు ఈనో1, ఈనో2 లెక్కలు కావాలి కదా.

వెన్నెల_కె
ఒప్పుకుంటా, ఎక్స్‌పోర్టర్‌కి హోస్ట్ నెట్‌వర్కే మేలు. చాలా కంటైనర్లు ఉండి అన్నీ రెండు కార్డుల మీదా కావాలంటేనే మార్కుల జోలికి వెళ్ళండి. హోస్ట్ నెట్‌వర్క్‌కి మార్చాక ఫైర్‌వాల్డ్‌లో 9100 తెరవడం గుర్తుంచుకోండి, ఇన్నాళ్ళూ పబ్లిష్ చేసిన పోర్ట్‌కి డాకరే దారి తెరిచింది, ఇకమీదట అది చూసుకోదు. ఈనో2 ఏ జోన్‌లో (ఫైర్‌వాల్డ్ రూల్స్ గుంపు) ఉందో చూసి ఆ జోన్‌లోనే తెరవండి.

ప్రవీణ్_ఎస్
మార్చాను, 9100 వచ్చేసింది. ఈనో2ని వేరే జోన్‌లో పెట్టి పోర్ట్ అక్కడ మాత్రమే తెరిచాను, ఈనో1 వైపు కనిపించట్లేదు, అది ఇంకా మంచిదైంది.

హరిణి_స్టోరేజ్
మధ్యలో దూరుతున్నా. నావి రెండు కార్డులూ ఒకే సబ్‌నెట్‌లో ఉన్నాయి, 192.168.30.11, 192.168.30.12. ఒక కేబుల్ పీకేస్తే రెండు ఐపీలూ పోతున్నాయి, కాసేపాగితే ఒకటి వస్తుంది. ఇదీ అదేనా?

పాతకాపు
దీని సంగతి వేరు. లైనక్స్ తన ఏ ఐపీకి ఏఆర్పీ (ఈ ఐపీ ఏ కార్డుది అనే ప్రశ్న) అడిగినా ఏ కార్డులోంచైనా జవాబిస్తుంది, ఐపీ కార్డుది కాదు, మెషీన్‌ది అని దాని లెక్క. 1989 నాటి ఆర్ఎఫ్‌సీ 1122లోనే వీక్ (ఐపీ మెషీన్‌ది), స్ట్రాంగ్ (ఐపీ కార్డుది) అని రెండు పద్ధతులు చెప్పారు, లైనక్స్ వీక్ వైపు, విండోస్ విస్టా, సర్వర్ 2008 నుంచి స్ట్రాంగ్ వైపు. అందుకే రెండు ఐపీలకీ ఒకే మ్యాక్ (కార్డు హార్డ్‌వేర్ అడ్రెస్) అంటుకుని ఉంటుంది పక్క మెషీన్లలో. ఏఆర్పీ ఇగ్నోర్ 1, ఏఆర్పీ అనౌన్స్ 2 పెడితే తగ్గుతుంది. కానీ ఒక్క ప్రశ్న, రెండు ఐపీలు ఎందుకు కావాల్సొచ్చాయి?

హరిణి_స్టోరేజ్
ఒక కార్డు పోతే ఇంకోటి ఉంటుందని.

పాతకాపు
అయితే బాండింగ్ (రెండు కార్డుల్నీ ఒకటిగా కట్టడం) చేయి, ఒకే ఐపీ ఉంచు. స్విచ్ నీ చేతిలో లేకపోతే యాక్టివ్ బ్యాకప్, అది మోడ్ 1, స్విచ్‌లో ఏమీ మార్చక్కర్లేదు. స్విచ్‌లో ఎల్ఏసీపీ (కేబుళ్ళని జతకట్టే పద్ధతి) పెట్టించగలిగితే మోడ్ 4. ఒకవైపే ఎల్ఏసీపీ పెట్టి వదిలేయకు.

రాత్రిషిఫ్ట్
హరిణి గారూ, స్టోరేజ్ అంటున్నారు కాబట్టి ఇంకోటి. జంబో ఫ్రేమ్‌లు పెట్టి ఉంటే, ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) 9000 రెండు చివర్లలోనే కాదు, మధ్యలో స్విచ్‌లోనూ ఉండాలి. చిన్న పింగ్ వెళ్తుంది, లాగిన్ అవుతుంది, పెద్ద ఫైలు కాపీ దగ్గర బిగుసుకుపోతుంది. ముక్కలు చేయొద్దని చెప్పి 8972 సైజుతో పింగ్ కొట్టండి, హెడర్లు 28 కలిపితే 9000. అది పోకపోతే దారిలో ఎవరో 1500లో ఉన్నారు.

హరిణి_స్టోరేజ్
8972 పోతోంది, బతికిపోయాను. బాండింగ్‌కి వెళ్తా.

ప్రవీణ్_ఎస్
మళ్ళీ నేనే. కొత్త కెర్నెల్ కోసం రీబూట్ చేస్తే రూల్, టేబుల్ రెండూ మాయం. నెట్‌వర్క్ మేనేజర్‌లో శాశ్వతంగా ఎలా పెట్టాలి? ఐపీవీ4 రూట్ టేబుల్ అనే సెట్టింగ్ కనిపించింది, ఈనో2కి అది 200 అని పెట్టి గేట్‌వే ఇచ్చేస్తే సరిపోతుందా?

సుధ_అడ్మిన్
ఆగండి, ఆ సెట్టింగ్‌లో ఒక మెలిక ఉంది. అది పెడితే ఆ కార్డు రూట్లన్నీ టేబుల్ 200కే పోతాయి, 10.50.0.0/24 అనే నేరు రూట్‌తో సహా. లోపలికి వచ్చే కనెక్షన్లకి ఇబ్బంది లేదు. కానీ సర్వర్ తనంతట తాను 10.50.0లో ఉన్న బ్యాకప్ మెషీన్‌కి వెళ్ళబోతే మెయిన్ టేబుల్ చూస్తుంది, అక్కడ ఆ రూట్ ఉండదు, డిఫాల్ట్ పట్టుకుని ఈనో1లోంచి ఫైర్‌వాల్ చుట్టూ తిరుగుతుంది. బ్యాకప్ మొత్తం ఫైర్‌వాల్ మీద పడుతుంది.
మీరు ఈనో2కి గేట్‌వే గడి ఖాళీగా ఉంచి, నెవర్ డిఫాల్ట్ ఎస్ పెట్టి, ఐపీవీ4 రూట్స్‌లో ఆ రెండు రూట్లనీ టేబుల్ 200 అని చివర రాసి ఇవ్వండి. రూటింగ్ రూల్స్‌లో ప్రయారిటీ 200, ఫ్రమ్ 10.50.0.20, టేబుల్ 200. అప్పుడు నేరు రూట్ మెయిన్‌లోనూ ఉంటుంది, 200లోనూ ఉంటుంది.

మేఘన_టి
ఉబుంటు వాళ్ళు ఇదే నెట్‌ప్లాన్‌లో రూట్స్, రూటింగ్ పాలసీ అనే రెండు భాగాల్లో రాసుకోవచ్చు. అక్కడ పాత గేట్‌వే4 పద్ధతి ఇంకా వాడుతుంటే మానేయండి.

రాత్రిషిఫ్ట్
ప్రవీణ్, ఇప్పుడు ఆర్పీ ఫిల్టర్‌ని మళ్ళీ 1 చేయొచ్చు. కెర్నెల్ ఆ చెక్ చేసేటప్పుడు నీ ఐపీని సోర్స్‌గా పెట్టుకుని తిరుగుదారి వెతుకుతుంది, నీ రూల్ అక్కడ కూడా తగులుతుంది, ఈనో2 అనే వస్తుంది. న్యాట్ కంటైనర్ లేదు కాబట్టి ఇబ్బంది ఉండదు.

కిరణ్77
ఇది నాకు కొత్త విషయం. రూల్ ఉంటే స్ట్రిక్ట్‌లోనే నడుస్తుందా? మా ల్యాబ్‌లో రేపే చూస్తా.

ప్రవీణ్_ఎస్
సుధ గారు చెప్పినట్టు పెట్టి రీబూట్ చేశాను, రూల్ ఉంది, రెండు టేబుళ్ళలోనూ రూట్ ఉంది. ఆర్పీ ఫిల్టర్ 1కి మార్చాను, ఎస్ఎస్‌హెచ్, 9100 రెండూ నడుస్తున్నాయి, కౌంటర్ కదలట్లేదు. మేఘన గారు అడిగినట్టు లాగిన్ అవగానే కనిపించే మెసేజ్‌లో టేబుల్ 200 సంగతి రాసి పెట్టాను.

వెన్నెల_కె
ఒక్కటి జోడిస్తా, ఇవన్నీ టీసీపీ సంగతులు. 0.0.0.0 మీద వినే యూడీపీ (కనెక్షన్ పెట్టుకోకుండానే ప్యాకెట్లు పంపే పద్ధతి) సర్వీస్ ఏదైనా పెడితే జాగ్రత్త. జవాబు పంపేటప్పుడు సోర్స్ ఖాళీగా వదిలేసే ప్రోగ్రామ్ అయితే కెర్నెల్ ముందు దారి వెతికి, ఆ దారి కార్డు అడ్రెస్‌ని సోర్స్‌గా వేస్తుంది. 10.50.0.20ని అడిగినవాడికి 192.168.10.20 నుంచి జవాబొస్తుంది, వాడు ఎవరో తెలియదని పారేస్తాడు. ఆ సర్వీస్‌ని 10.50.0.20 మీదే వినమని కాన్ఫిగ్‌లో రాసేయండి. డీఎన్ఎస్ సర్వర్ బైండ్ ఒక్కో అడ్రెస్‌కి ఒక్కో సాకెట్ తెరిచేది ఇలాంటి వాటి కోసమే.

మేఘన_టి
ఐపీవీ6 కూడా ఆన్ చేస్తే ఈ రూల్ చాలుతుందా?

పాతకాపు
చాలదు. ఐపీవీ6కి రూల్ వేరే, టేబుల్ వేరే, ఐపీ ఐఫన్ 6 రూల్ అని మళ్ళీ రాసుకోవాలి. ఆర్పీ ఫిల్టర్ సిస్‌కంట్రోల్ సెట్టింగ్ ఐపీవీ6కి లేదు, ఆ పని ఫైర్‌వాల్డ్ చేస్తుంది, దాని కాన్ఫిగ్‌లో ఐపీవీ6 ఆర్పీఫిల్టర్ అని ఉంటుంది, డిఫాల్ట్‌గా ఆన్‌లోనే. అక్కడ ప్యాకెట్లు పోతుంటే ఎన్‌స్టాట్ కౌంటర్లో కనిపించదు, ఫైర్‌వాల్డ్‌లో లాగ్ డినైడ్ ఆన్ చేసి చూడాలి.